మా ఊరి శాసనస్తంభం నిలబడిన వైనం

వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లో చెరువుగట్టు మీద, రావిచెట్టు మొదట్లో, ఒక రాతి స్తంభం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పక్కకు ఒరిగి పడి ఉండేది. పైభాగాన సూర్యచంద్రుల గుర్తులు, కింద మూడు ముఖాల మీద అక్షరాల వరుసలు కనిపించేవి. శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు ఊరికి వచ్చిపోయే నాకు, గట్టు వెడల్పు చేసి రోడ్డు వేస్తారని, అడ్డంగా ఉన్న పాతరాళ్లన్నీ రాతికట్టులోకి వెళ్లిపోతాయని తెలిసింది. ఆ రాయిని అక్కడి నుంచి భద్రంగా తీయించి, చదివించి, శివాలయం ఆవరణలో నిలబెట్టేవరకు జరిగిన పనిని, ఇలాంటి రాళ్లు తమ ఊళ్లలో ఉన్నవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

మా జిల్లాలో శాసనాలకు కొరత లేదు. కళింగాన్ని ఏలిన గంగరాజుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన ముఖలింగంలోనూ, శ్రీకూర్మం ఆలయ స్తంభాల మీదా ఉన్న శాసనాలను ప్రభుత్వం గత శతాబ్దంలోనే దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో అచ్చువేసింది. అంతకు ముందే, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ముఖలింగం శాసనాల లిపిని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంత సాధనతో చదివారు. సాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు కూడా ఆయనే. పేరున్న గుళ్లలోని రాళ్లకు ఇంత ఆదరణ దొరికినా, ఊరూరా చెరువుగట్ల మీద, నూతుల దగ్గర పడి ఉన్నవాటిని పట్టించుకునేవారు తక్కువ.

నేను మొదట వెళ్లింది ఏ కార్యాలయానికీ కాదు, ఊరి పెద్దల దగ్గరకు. రోడ్డు పని కంటే ముందే ఆ రాయికి ముప్పు తెచ్చిన నమ్మకం ఒకటి ఊళ్లో ఉంది. "ఆ రాయి కింద లంకెబిందెలున్నాయని మా తాత సెప్పీవోడు బాబూ, ఆ రాతలన్నీ దాని గుర్తులే" అని ఒక పెద్దాయన నాతో గట్టిగా అన్నారు. ఎప్పుడో ఎవరో గునపంతో పెకలించబోయి స్తంభం ఒక అంచును చెక్కేశారు కూడా. శాసనమంటే నిధికి గుర్తు అన్న ఈ నమ్మకం వల్ల పగిలిపోయిన రాళ్లు మన తెలుగునాట ఎన్ని ఉన్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. ఒకవేళ నిధే దొరికినా, పది రూపాయల విలువ దాటిన దేన్నయినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోందని, వందేళ్లు దాటిన శాసనం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువని వారికి వివరించాను. చట్టం మాట విని తల ఊపారే తప్ప, వారి మనసులోని అనుమానం పోలేదని నాకు అర్థమైంది.

తర్వాత ఈ శాసనం ఇంతకుముందే అచ్చయిందేమో చూశాను. సంపుటాల సూచికల్లో మా ఊరి పేరు కనిపించలేదు. ఫోటోలు తీయడానికి మిట్టమధ్యాహ్నం ఎండ పనికిరాదు. వెలుగు నేరుగా పడితే అరిగిన గీతలు కనిపించవు. అందుకే చీకటి పడ్డాక మా తమ్ముడు టార్చిలైటును రాతికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే, పగలు ఏమీ లేనట్టు కనిపించిన చోట వరుసలకు వరుసలు నీడలతో లేచి వచ్చాయి. కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టి, ప్రతి ముఖాన్నీ పైనుంచి కిందికి భాగాలుగా తీసి, ఫోనులో చూపించిన స్థలం గుర్తులతో సహా అర్జీకి జతచేశాను. మొదట రాసిన ఒక కార్యాలయం నుంచి ఎంతకాలం చూసినా జవాబు రాలేదు. మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగానికి రాసినప్పుడు మాత్రం, ఫోటోలు స్పష్టంగా ఉన్నాయని, రాతి మీది అక్షరాలకు కాగితం మీద అచ్చు తీయడానికి మనిషిని పంపుతామని కబురు వచ్చింది. ఈలోగా రోడ్డు పని చేయించేవారితో సర్పంచి గారు మాట్లాడి, స్తంభం ఉన్న మేర పని ఆపించారు. ఆమె ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే అచ్చు తీయడానికి రాయి మిగిలేది కాదు.

అచ్చు తీసిన రోజు ఊళ్లో పిల్లలందరూ గట్టు మీదే ఉన్నారు. వచ్చిన శాసన పరిశోధకుడు ముందు రాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగారు. ఏళ్ల తరబడి భక్తులు పోసిన నూనె, రాసిన పసుపు గట్టిపడి అక్షరాల గుంటల్లో నల్లగా పేరుకుపోయింది. మేకు తోనో చాకు తోనో గీకితే తొందరగా వస్తుంది కదా అని ఎవరో అంటే, అలా గీకితే లేని అక్షరాలు పుడతాయని ఆయన వారించి, వెదురుపుల్లతో ఓపికగా తీశారు. తడిపిన దళసరి కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో కొడుతూ పోతే కాగితం మెల్లగా అక్షరాల్లోకి దిగింది. తడి పూర్తిగా ఆరకముందే, సిరా అద్దిన గుడ్డబంతితో పైపైన తడుతూ వెళ్లారు. రాతి ఉపరితలం మీది కాగితమంతా నల్లబడి, గుంటల్లోకి దిగిన చోటు తెల్లగా మిగిలింది. ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ తెల్లగీతల్లో "దేవ" అన్న అక్షరాలను తనంతట తానే కూడబలుక్కుని బిగ్గరగా చదివాడు.

చదవగలిగినంత మేర అది ఊరి శివుడికి అఖండదీపం కోసం ఒక గృహస్థురాలు చేసిన ధర్మం. నెయ్యికి ఆవులను ఇచ్చి, వాటి పోషణ బాధ్యతను కొందరికి అప్పగించినట్టు ఉంది. ఆమె పేరు సగమే మిగిలింది. శకవర్షంబులు అన్న మాట తర్వాత 12 అన్న అంకెలు నిలిచాయి. వాటి తర్వాతి రెండంకెలు, గునపం దెబ్బకు పోయిన అంచుతోపాటే పోయాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది గనుక, ఇది 1278కీ 1377కీ మధ్య వేసిన శాసనమని మాత్రం చెప్పవచ్చు.

రాజు పేరు నరసింహదేవుడని, ఏలుబడి 19వ అంకమని ఉంది. అంకమంటే అన్నన్ని సంవత్సరాలని అనుకోకూడదట. గంగరాజుల లెక్కలో ఒకటిని వదిలేస్తారు. ఆరుతోనూ సున్నాతోనూ ముగిసే అంకెలనూ వదిలేస్తారు, పదిని మాత్రం ఉంచుతారు. అంటే 1, 6, 16 పోగా 19వ అంకం నిజానికి పదహారో ఏడు. ఆ నూరేళ్లలో నరసింహులు ఇద్దరున్నారు, మధ్యలో భానుదేవుడు వచ్చాడు. తిథి, వారం అదృష్టవశాత్తూ నిలిచి ఉన్నాయి కాబట్టి, ఇద్దరి పదహారో ఏళ్లలో ఏది వాటితో సరిపోతుందో లెక్కకట్టి తేల్చాలని అచ్చు తీసిన పరిశోధకుడు చెప్పారు. ఈ లెక్క విన్నాక, రాతి మీద ఒక చిన్న పెచ్చు ఊడితే పోయేది ఎంతో మా అందరికీ బోధపడింది.

శాసనాన్ని తెలుగులో నలుగురికీ అర్థమయ్యేలా రాయించుకుని, సోమవారం సాయంత్రం గుళ్లో చదివి వినిపించాం. నా ఉద్దేశంలో ఈ పని మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చట్టం చెప్పినప్పుడు పోని అనుమానం, ఆవులూ నెయ్యీ దీపమూ అన్న మాటలు చెవిన పడ్డాక పోయింది. లంకెబిందెల మాట చెప్పిన పెద్దాయనే లేచి, "అయితే ఇది మన గుడి రాయే గదా, గుళ్లోకే తెండి" అన్నారు. మ్యూజియానికి ఇచ్చేద్దామన్న మాట కూడా వచ్చింది. అక్కడ భద్రత ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. కాని దీపం పెట్టిన గుడి ఊళ్లోనే ఉండగా రాయి మరో చోటికి పోవడం ఎవరికీ నచ్చలేదు. పంచాయతీ తీర్మానం చేసి, స్థలం ప్రభుత్వానిది కనుక తహసీల్దారు గారి అనుమతి తీసుకుని, గోనెసంచులు చుట్టి, మోకులతో, దుంగల మీద దొర్లించుకుంటూ తెచ్చాం. అడుగున ఖాళీగా ఉన్న భాగమే భూమిలోకి దిగేలా గొయ్యి తీయించి, చివరి వరుసకు సిమెంటు తగలకుండా చూసుకున్నాం. పైన వాన పడకుండా చిన్న రేకుల పందిరి వేశాం. పండగలకు గుడికి సున్నాలూ రంగులూ వేసేటప్పుడు ఈ స్తంభాన్ని ముట్టుకోకూడదని, నూనె, పసుపు దానికి కాక ముందున్న రాతిపలకకే సమర్పించాలని ఆలయ కమిటీ పుస్తకంలో రాయించాం.

తేదీ లెక్క ఇంకా రావాల్సి ఉంది. ఈలోగా పక్క ఊరివారు తమ నూతి దగ్గరి రాయి చూడమని పిలిచారు. అక్షరాలు బాగా కనబడాలని ఎవరో వాటిలో ఎనామెల్ రంగు నింపారు. అలా నింపినవాడు చూసిన గీతలే మనకూ కనిపిస్తాయి, చెక్కినవాడి గీతలు అడుగున దాగిపోతాయి. రంగును సొంతంగా గీకవద్దని, మరో పూత వేయవద్దని వారికి చెప్పి, మైసూరుకు పంపడానికి టార్చిలైటుతో ఫోటోలు తీసి తెచ్చాం.