పార్కింగ్‌లో పదిహేను మీటర్లు

ఇవాళ పెద్దగా ఏం జరగలేదు. ఆ జరగనిదాని గురించే రాద్దామని కూర్చున్నా.

పొద్దున ఐదున్నరకి మెలకువ వచ్చింది, ట్రక్ స్టాపులో ఇంకా చీకటే, పక్క ట్రక్కుకి సరుకు చల్లగా ఉంచే ఫ్రిజ్ యూనిట్ రాత్రంతా గుర్రుమంటూనే ఉంది, తలంతా దిమ్ముగా ఉంది, సరే మొహం కడుక్కుందామని టవల్ భుజాన వేసుకుని నా ట్రక్కు క్యాబ్ దిగా. బాత్రూములు ఎదురుగానే కనిపిస్తున్నాయి. నడిచేవాళ్ళ కోసమని ఓ పక్క తెల్లగీతలు గీసి దారి పెట్టారు గానీ అటు తిరిగి వెళ్తే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ, అందుకని ఎవ్వరూ అటు వెళ్ళరు, అందరం ట్రైలర్ల మధ్య సందుల్లోంచే. నేనూ అలాగే దూరా, అదీ నల్ల స్వెటర్ వేసుకుని.

సందు చివరికి వచ్చేసరికి చెప్పు పట్టీ ఊడింది. వంగి సరిచేసుకుంటున్నా, అంతే, ముక్కు ముందు నుంచి ట్రైలర్ లేని ఒట్టి బండి ఒకటి రయ్యిమని పోయింది. వరసల మధ్య దారిలో కూడా కాదు, ఖాళీ పార్కింగ్ గడుల మీదుగా అడ్డంగా కోసుకుంటూ. చప్పుడు వినపడలేదా అంటే ఆ ఫ్రిజ్ మోత పక్కన నిలబడితే ఇంకేం వినపడుతుంది. డ్రైవర్ మొహం మాత్రం బాగా కనిపించింది, ఎందుకంటే ఫోన్ వెలుగు పడుతోంది దాని మీద! నేనక్కడ ఉన్నానని వాడికి ఇప్పటికీ తెలీదు, తిట్టుకోవడానికైనా ఇద్దరికీ తెలియాలి కదా.

తర్వాత చాలాసేపు కాళ్ళు వణికాయి. మొహం కడుక్కుంటూ లెక్కలేసుకున్నా, నాకదో పిచ్చి. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి పది మీటర్లు. మనిషిని చూసి కాలు బ్రేకు మీదకి వెళ్ళడానికి ఎంత కాదన్నా ఒకటిన్నర సెకను పడుతుంది అనుకుంటే, బ్రేకు పడకముందే పదిహేను మీటర్లు అయిపోయాయి, అంటే దాదాపు ఒక ట్రైలర్ పొడవు. నేను సందులోంచి బయటికి రావడానికి ఒక్క అడుగు చాలు. అదే 18లో పోతే ఆ దూరం సగమవుతుంది, బ్రేకు వేశాక ఆగే దూరమైతే నాలుగో వంతే. హైవే మీద 36 అంటే నత్తనడక, పార్కింగ్‌లో మాత్రం అది రేసే. కానీ అప్పటిదాకా గంటల తరబడి స్పీడులో వచ్చిన కళ్ళకి ఆ తేడా తెలీదు, నలభైలో ఉన్నా పాకుతున్నట్టే ఉంటుంది, నాకూ అంతే.

హైవే దిగగానే మన బుర్రలో డ్యూటీ దిగిపోతుంది, బండి మాత్రం ఇంకా దిగలేదు. నడిచేవాడూ అంతే, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసే మనిషి ఇక్కడ ఇంట్లో హాల్లో తిరుగుతున్నట్టు తిరుగుతాడు. పైగా చోటు దొరకదేమో అన్న తొందర ఒకటి, సాయంత్రమైతే మరీనూ.

సాయంత్రం అంటే గుర్తొచ్చింది, అసలు సిగ్గుపడాల్సింది దాని గురించి. ఇంకో స్టాపులో ఆగా, మిగిలింది ఒకే ఒక్క ఇరుకు గడి, అదీ నా వైపు కాదు, అవతలి వైపు నుంచి తిప్పి రివర్స్ కొట్టాలి. ట్రైలర్ అటు మడత పడేసరికి అవతలి అద్దంలో దాని గోడ తప్ప ఇంకేం కనపడదు. పొద్దున్నది మనసులో ఉంది కాబట్టి బుద్ధిగా హజార్డ్ లైట్లు వేసి, దిగి, వెనక చుట్టూ చూసి, ఎవరూ లేరని మళ్ళీ ఎక్కి, కిటికీ దించి, రివర్స్ వేశా. రెండు మీటర్లు పోయానో లేదో ఎవరో తలుపు మీద దబదబా బాదారు. పక్క బండి పెద్దాయన. బ్రేకు తొక్కి దిగి చూస్తే ట్రైలర్ వెనక చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకబ్బాయి, సంచి మోసుకుంటూ తాపీగా వెళ్ళిపోతున్నాడు. తలెత్తి చూడను కూడా లేదు.

"దిగి చూశానండీ" అన్నా, గొంతు నాకే వినపడలేదు.

"చూశావులే తమ్ముడూ, నువ్వు ఎక్కేలోపు లోకమంతా ఆగి ఉంటుందా?" అన్నాడాయన, కోపంగా కూడా కాదు. తర్వాత తనే వెనక నిలబడి చెయ్యి ఊపుతూ నన్ను లోపలికి పెట్టించాడు. చూసి నాకే ముచ్చటేసింది, ఆయన ఒక్కసారి కూడా ట్రైలర్‌కి సూటిగా వెనక నిలబడలేదు, ఎప్పుడూ నా అద్దంలో కనిపించేలా పక్కకే ఉన్నాడు. అయ్యాక నేను బ్రేకు నాబ్ లాగి గాలి బుస్సుమని పోయేదాకా ఆయన బండి ముందుకి కూడా రాలేదు. ఆ చప్పుడు వస్తే పార్కింగ్ బ్రేకు పడిందని అర్థం, రాకపోతే బండి ఆగినట్టు కాదు, ఊరికే నిలబడినట్టంతే. ఇదెవరూ నేర్పరు, ఏళ్ళ తరబడి తిరిగితే ఒంటికి పడుతుంది అనుకుంటా. మరి నాకెందుకు పట్టలేదో.

పొద్దున ఫోన్ వాణ్ణి రోజంతా మనసులో తిట్టుకున్నా, వాడికీ నాకూ మధ్య తేడా ఏంటంటే నా తలుపు మీద బాదడానికి ఒకాయన ఉన్నాడు.

ఇప్పుడు పడుకునే ముందు మళ్ళీ బాత్రూముకి వెళ్ళాలి. సీటు వెనక వేలాడే రిఫ్లెక్టర్ జాకెట్ దులిపి తీశా. కొని రెండేళ్ళయిందేమో, మెడ దగ్గర ట్యాగ్ ఇంకా అలాగే ఉంది.