పొట్టే రెక్క

రాత్రి హన్మకొండలో మా వాకిట్ల బాపు టేకు ముక్కకు చిత్రిక పడుతున్నడు. పాప బడిలో సైన్స్ ఫెయిర్ ఉంది, దానికి ఐఎక్స్‌వీ నమూనా. అంతరిక్షం నుంచి భూమికి తిరిగొచ్చుడు ఎట్లనో పరీక్షించే నౌక అది. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే బాపు అడిగిన మొదటి మాట: "రెక్కలేవి బిడ్డా?"

"దీనికి పొట్టే రెక్క బాపూ. రెక్కలు లేకున్నా ఆ పొట్ట ఆకారమే గాలిల లేపి పట్టుకుంటది."

దీన్ని యూరప్ వాళ్లు 2015 ఫిబ్రవరి 11న దక్షిణ అమెరికాల ఉన్న కౌరూ నుంచి వేగా రాకెట్ మీద పంపిండ్రు. లోపల మనిషి లేడు. పొడవు 5 మీటర్లు, బరువు 2 టన్నులకు కొంచెం తక్కువ. 412 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలో పడి, పారాచూట్లతో పసిఫిక్‌లో దిగింది. మొత్తం 100 నిమిషాలు! వెనక రెండు ఫ్లాపులు అంటే కదిలే పలకలు, థ్రస్టర్లు అనే చిన్న రాకెట్ ఇంజిన్లు, వాటితోనే దారి మళ్లించుకుంది.

బాపు బొమ్మ మూతిని సూదిగా చెక్కబోతే చెయ్యి పట్టుకున్న. మొద్దుగనే ఉండాలె. మొద్దు మూతి ముందు షాక్ వేవ్, అంటే ఒత్తుకుపోయి కాగిన గాలి పొర, కాస్త దూరంగా నిలబడుతది, వేడి చాలామటుకు పక్కలనుంచి పారే గాలితోనే పోతది. ఇది చెప్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది.

ఇట్ల పొట్ట మీదనే తేలే సోవియట్ ప్రయోగ నౌక బోర్-4, 1983లో మన హిందూ మహాసముద్రంలోనే దిగింది. దాన్ని ఓడలోకి ఎత్తుతుంటే ఆస్ట్రేలియా విమానం తీసిన ఫోటోల నుంచే నాసా వాళ్ల హెచ్‌ఎల్-20 అనే నౌక నమూనా రూపం పుట్టింది.

బాపు బొమ్మ మూతి మీద బొటనవేలు రాసి చూసి, ఉప్పుకాగితం అందుకున్నడు. "కింద కాలినట్టు కనవడాలె గదా" అని పొయ్యిల బొగ్గు తెచ్చి పొట్టంతా రుద్దిండు. పొద్దున బడికి పోయేటప్పుడు పాప యూనిఫాం మీద ఆ నల్ల మరక.