ఇంటి ల్యాబులో డేటాబేస్ బ్యాకప్: ఏ క్షణం దగ్గర ఆగాలి?

జనవరి

ఉద్యోగంలో నేను చూసుకునేది ఒరాకిల్ డేటాబేస్‌లు. పెద్ద సంస్థల్లో బ్యాకప్ అంటే చాలాచోట్ల ఇప్పటికీ ఒకటే తీరు: అర్ధరాత్రి పూర్తి నకలు, తెల్లారేసరికి విజయవంతమైందంటూ ఒక మెయిల్. ఆ నకలుతో డేటాబేస్‌ను మళ్లీ నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసినవారు అరుదు. ఆ లెక్క నా కళ్లతో నేను చూడాలన్న పట్టుదలతోనే ఈ ల్యాబు మొదలుపెట్టాను. నడుస్తున్న సంస్థలో ప్రయోగాలకు చోటుండదు. ఇంట్లో అయితే కావాలని కూల్చవచ్చు, మళ్లీ లేపవచ్చు.

సామాను పెద్దగా ఏమీ లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న పాత డెల్ ఆప్టిప్లెక్స్‌లు మూడు. ఒక్కొక్కదానిలో నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. మధ్యలో ఒక గిగాబిట్ స్విచ్, అన్నిటికీ కలిపి ఒక యూపీఎస్. మొదటిదానిలో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) మీద పోస్ట్‌గ్రెస్ 17 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. రెండోది బ్యాకప్‌లు దాచే యంత్రం. మూడోది రీస్టోర్ చేసి చూడటానికే. ఈ మూడోది లేకపోతే ల్యాబు మొదలుపెట్టినా ప్రయోజనం లేదని నా గట్టి నమ్మకం.

డేటా కోసం పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీబెంచ్ అనే పరీక్ష పనిముట్టు వాడుతున్నాను. స్కేల్ 5000 అని ఇస్తే ఖాతాల టేబుల్‌లో 50 కోట్ల వరుసలు తయారవుతాయి, మొత్తం సుమారు 75 జీబీ. ఆపైన రోజంతా తక్కువ వేగంతో లావాదేవీలు నడిచేలా పీజీబెంచ్‌కే పరిమితి పెట్టి వదిలేశాను. నిశ్చలంగా ఉన్న డేటాబేస్‌ను బ్యాకప్ చేసి సంబరపడితే నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఫిబ్రవరి

ముందు పాత పద్ధతి ఎలా ఉందో కొలిచాను. టేబుళ్లలోని డేటాను ఫైలుగా బయటికి తీసే పీజీ డంప్‌తో రాత్రి నకలు, మూడో యంత్రంలో నాలుగు పనులు సమాంతరంగా పెట్టి రీస్టోర్. గంట దాటింది. వరుసలన్నీ మళ్లీ టేబుళ్లలోకి ఎక్కాలి, వెతుకులాటకు వాడే ఇండెక్సులన్నీ మొదటి నుంచి కట్టాలి కాబట్టి అంత సమయం పడుతుంది. దానికి మించిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. సాయంత్రం ఆరింటికి డిస్కు పోతే, రాత్రి నకలు తరవాత జరిగిన లావాదేవీలన్నీ పోయినట్టే.

అందుకే ఫైళ్ల స్థాయి నకలుకూ, వాల్‌ను ఎప్పటికప్పుడు దాచడానికీ మారాను. వాల్ అంటే డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా. మామూలుగా 16 ఎంబీ ముక్కలుగా ఉంటుంది. ఒక పాత నకలు, ఆ తరవాతి వాల్ ముక్కలు చేతిలో ఉంటే మధ్యలో ఏ క్షణానికైనా డేటాబేస్‌ను తీసుకురావచ్చు. ఈ సదుపాయం పోస్ట్‌గ్రెస్‌కు 2005లో వచ్చిన 8.0 నుంచీ ఉంది. ఒరాకిల్‌లో ఆర్కైవ్ లాగ్, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగ్ బ్యాకప్ చేసే పని ఇదే. ఇంత పాత సదుపాయాన్ని వాడుకోకుండా రాత్రి నకలు మీదే ఆధారపడిన చోట్లు ఇంకా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆర్కైవ్ టైమౌట్‌ను 60 సెకన్లు చేశాను. ముక్క నిండకపోయినా, మార్పులంటూ జరిగి ఉంటే, నిమిషానికొకసారి అది నిల్వ యంత్రానికి వెళ్లిపోతుంది. సగం ఖాళీ ముక్కలు చోటు తింటాయన్న బెంగ అక్కర్లేదు, కుదిస్తే అవి చాలా చిన్నవవుతాయి.

మార్చి

బ్యాకప్ పనిముట్టుగా పీజీ బ్యాక్‌రెస్ట్ ఎంచుకున్నాను. పోస్ట్‌గ్రెస్ 17లోనే ఇంక్రిమెంటల్ బ్యాకప్ (గత నకలు తరవాత మారినదాన్ని మాత్రమే తీసేది) వచ్చింది, దాన్నీ నడిపి చూశాను. బాగానే పనిచేస్తుంది. కాకపోతే రీస్టోర్‌కు ముందు ముక్కలన్నిటినీ పీజీ కంబైన్ బ్యాకప్‌తో ఒక్కటిగా కూర్చాలి, దానికి వేరే చోటు కావాలి, పాతవి ఎప్పుడు తీసేయాలో మనమే చూసుకోవాలి. పీజీ బ్యాక్‌రెస్ట్ ఈ చాకిరీ అంతా తానే చేస్తుంది.

నా అమరిక ఇది: ఆదివారం పూర్తి నకలు, మిగతా రోజుల్లో రోజుకొక డిఫరెన్షియల్ (చివరి పూర్తి నకలు తరవాత మారినది మాత్రమే). కుదింపు జెడ్‌స్టాండర్డ్‌తో, గుప్తీకరణ ఏఈఎస్ 256తో, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు నాలుగు. గుప్తీకరణ తాళపు మాటను కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. అది డేటాబేస్ యంత్రంలోని సెట్టింగుల ఫైలులో మాత్రమే ఉంటే, ఆ యంత్రం పోయిన రోజు నకళ్లన్నీ ఉన్నా తెరవలేం.

ఇక కొలత. 75 జీబీ నకలు మూడో యంత్రంలోకి దిగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు ప్రాసెస్‌లూ కలిసి లాగుతాయి, పీజీబెంచ్ డేటా బాగా కుదురుతుంది కూడా. అక్కడితో పని అయిపోలేదు. తరవాత ఆ రోజు వాల్ అంతా చదివి మార్పులు తిరిగి వేయాలి, దానికి అరగంట దాటింది. నకలు దించే పనిని నాలుగు చేతులకు పంచవచ్చు. వాల్‌ను మాత్రం ఒకే ప్రాసెస్ వరుస తప్పకుండా చదువుతుంది, ఎన్ని కోర్లున్నా తేడా ఉండదు. కావలసిన డేటా పేజీలను ముందే తెచ్చి ఉంచే సదుపాయం వెర్షన్ 15లో వచ్చింది, కొంత మేలు చేస్తుంది, అంతే.

అందుకని ఆరు గంటలకొక ఇంక్రిమెంటల్ చేర్చాను. చదవాల్సిన వాల్ ఆ మేరకు తగ్గి, అరగంట కాస్తా పది నిమిషాల దాకా వచ్చింది. నకళ్లు తరచుగా తీయడం డేటా పోకుండా ఉండటానికే అని చాలామంది అనుకుంటారు. వాల్ భద్రంగా వెళుతూ ఉంటే డేటా ఎలాగూ పోదు. తరచుగా తీసే నకలు మిగిల్చేది లేచే సమయాన్ని.

పీజీ డంప్‌ను పూర్తిగా మానలేదు. ఒక్క టేబుల్‌ను విడిగా తీయాలన్నా, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి డేటాను చేరవేయాలన్నా దానికి సాటి లేదు. వారానికొకటి ఉంచుకుంటున్నాను.

ఏప్రిల్

ఈ నెలంతా ఒక్క ప్రశ్న మీదే గడిచింది. డిస్కు పాడైతే చివరి క్షణం దాకా రావాలి, అందులో ఆలోచించేది లేదు. కానీ ఎవరో ఒక టేబుల్‌ను తీసేశారనుకోండి. దానికి సరిగ్గా ముందు ఆగాలి. ఆ ముందు అనేది ఎక్కడ? నిజమైన ఆపదలో సమయమంతా తినేది ఈ వెతుకులాటే. యంత్రాలు ఎంత వేగంగా ఉన్నా, ఎక్కడ ఆగాలో తేలేదాకా రీస్టోర్ మొదలే కాదు.

గడియారం సమయాన్ని నమ్ముకోవడం ప్రమాదం. మధ్యాహ్నం 2:32 ప్రాంతంలో జరిగిందని ఒకరు చెబుతారు. సర్వర్ లాగ్ యూటీసీలో ఉంటే అందులో అది 9:02గా కనిపిస్తుంది. సమయాన్ని లక్ష్యంగా ఇచ్చేటప్పుడు చివర ప్లస్ 5:30 అని స్పష్టంగా రాయకపోతే డేటాబేస్ తన సొంత టైమ్ జోన్ ప్రకారం అర్థం చేసుకుంటుంది. అంతా సరిగ్గా ఇచ్చినా, ఒకే నిమిషంలో వేలాది లావాదేవీలు జరిగే చోట నిమిషం లెక్క సరిపోదు.

నేను కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను. అనుమానమున్న సమయానికి అటూ ఇటూ ఉన్న వాల్ ముక్కలను పీజీ బ్యాక్‌రెస్ట్ ఆర్కైవ్ గెట్‌తో వేరే డైరెక్టరీలోకి తెచ్చుకోవాలి. వాటి మీద, వాల్‌ను చదివి చూపే పీజీ వాల్‌డంప్ నడిపి, లావాదేవీల రికార్డులను మాత్రమే చూపమనాలి. తెర మీద బారులు తీరే కమిట్ (లావాదేవీ ఖాయమైందనే) వరుసల్లో లావాదేవీ సంఖ్య, సెకనులో పది లక్షల వంతు దాకా సమయం ఉంటాయి. మామూలు కమిట్ వరుస పొట్టిగా ఉంటుంది. టేబుల్‌ను తీసేసిన కమిట్ మాత్రం పొడుగ్గా సాగుతుంది, ఎందుకంటే ఆ లావాదేవీతో పాటు డిస్కు మీద నుంచి తొలగించాల్సిన ఫైళ్ల జాబితా అందులోనే ఉంటుంది. ట్రంకేట్ చేసినా, అంటే టేబుల్‌ను ఉంచి లోపలిదంతా ఒక్కసారిగా ఖాళీ చేసినా, అంతే. చిట్టాలో అది కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది.

ఆ జాబితాలో ఉండేవి అంకెలు మాత్రమే, టేబుల్ పేరు ఉండదు. టేబుల్ అప్పటికే పోయింది కాబట్టి ఆ అంకె ఎవరిదో డేటాబేస్‌ను అడిగినా చెప్పలేదు. అందుకే ప్రతి టేబుల్ పేరూ, దాని ఫైలు సంఖ్యా రోజూ ఒక చిన్న ఫైలులో రాసి నిల్వ యంత్రంలో పెట్టే స్క్రిప్టు ఒకటి చేర్చాను. నాలుగు లైన్ల పని. ఈ ల్యాబులో ఇప్పటిదాకా చేసినవాటిలో అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే అంటాను.

షరతు మరిచిపోయి టేబుల్‌లోని వరుసలన్నీ డిలీట్ చేసిన సందర్భం వేరు. అక్కడ ఫైలు పోదు కాబట్టి కమిట్ వరుస పొట్టిగానే ఉంటుంది. అప్పుడు హీప్ రికార్డులు, అంటే టేబుల్ వరుసల మార్పులు, చూడాలి. ఒకే లావాదేవీ సంఖ్య కింద డిలీట్‌లు పేజీల కొద్దీ వస్తుంటే మనకు కావలసింది అదే.

సంఖ్య దొరికాక సమయాన్ని వదిలేసి లావాదేవీ సంఖ్యనే లక్ష్యంగా ఇచ్చి, దాన్ని మినహాయించమని చెబుతాను. దానికంటే ముందు కమిట్ అయినవన్నీ వస్తాయి, అది రాదు. లక్ష్యం చేరాక ఏం చేయాలన్న దగ్గర పాజ్ ఉంచాలి, నేరుగా ప్రమోట్ (రాతలకూ తెరిచి మామూలుగా నడిపించడం) పెట్టకూడదు. పాజ్‌లో ఉన్నప్పుడు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, టేబుల్ ఉందో లేదో చూసుకోవచ్చు. ఇంకాస్త ముందుకు వెళ్లాలంటే ఆపి, లక్ష్యం మార్చి, మళ్లీ నడిపితే చాలు. వెనక్కి మాత్రం వెళ్లలేం, రీస్టోర్ మొదటి నుంచి చేయాల్సిందే. అందుకని అనుమానం ఉన్నప్పుడు కాస్త ముందే ఆగడం మేలు. ఒకసారి ప్రమోట్ చేస్తే కొత్త టైమ్‌లైన్, అంటే చిట్టాలో కొత్త శాఖ, మొదలవుతుంది, వాల్ ఫైలు పేరులోని మొదటి ఎనిమిది అంకెలు మారతాయి.

ఒరాకిల్ వాడేవారికి ఇదే పనిని లాగ్‌మైనర్, మైఎస్‌క్యూఎల్ వాడేవారికి మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ చేసిపెడతాయి. ఏది వాడినా సాధన ముందే ఉండాలి. అందరూ వెనక నిలబడి ఎంతసేపని అడుగుతున్నప్పుడు నేర్చుకునే విద్య కాదిది.

మే

చెప్పకుండా ఆగిపోయే బ్యాకప్‌ల మీద పని. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగిన సంగతి ఈ రంగంలో ఉన్నవారు ఒక్కసారైనా చదవాలి. ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన సర్వర్‌లో సుమారు 300 జీబీ డేటా ఉన్న డైరెక్టరీని తొలగించారు. బ్యాకప్‌ల కోసం చూస్తే, 9.6 డేటాబేస్ మీద 9.2 నాటి పీజీ డంప్ నడుస్తూ ప్రతిసారీ విఫలమవుతోందని తేలింది. విఫలమైనట్టు చెప్పే మెయిళ్లు వెళ్లాయి కానీ మెయిల్ పంపినవారు అసలైనవారేనా అని చూసే డీమార్క్ నిబంధనల వల్ల తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణాన డిస్కు ఉన్న తీరు) ఉండబట్టి గట్టెక్కారు. అయినా సుమారు 5,000 ప్రాజెక్టుల, 5,000 వ్యాఖ్యల, 700 కొత్త ఖాతాల సమాచారం పోయింది. జరిగినదంతా వారు దాచకుండా రాసి పెట్టడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

అందువల్ల నా హెచ్చరికను తిరగేశాను. విఫలమైతే కబురు రావడం కాదు, విజయం కబురు సమయానికి రాకపోతే ఫోను మోగాలి. ఆ కనిపెట్టే పని రౌటర్ పక్కనున్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ చేస్తుంది, డేటాబేస్ యంత్రం మీద దానికి ఏ ఆధారమూ లేదు.

ఇంకొకటి: ఒక చిన్న టేబుల్‌లో ప్రతి నిమిషం ఒక వరుస, అందులో అప్పటి సమయం. దానికి గుండెచప్పుడు అని పేరు పెట్టాను. ఆదివారం తెల్లవారుజామున మూడో యంత్రంలో రీస్టోర్ దానంతటదే నడుస్తుంది, పీజీ ఆమ్‌చెక్‌తో టేబుళ్లూ ఇండెక్సులూ తనిఖీ అవుతాయి, చివరగా గుండెచప్పుడులోని ఆఖరి వరుస చదువుతుంది. ఆ సమయానికీ రీస్టోర్ మొదలైన సమయానికీ ఉన్న తేడాయే మనం నిజంగా పోగొట్టుకునే డేటా. కాగితం మీద రాసుకున్న లక్ష్యం ఎంతైనా కావచ్చు, ఈ వరుస చెప్పేదే లెక్క.

వాల్ నిల్వ యంత్రానికి చేరకపోతే ముక్కలు డేటాబేస్ డిస్కులోనే పేరుకుపోయి, డిస్కు నిండి, చివరికి డేటాబేసే ఆగుతుంది. పీజీ బ్యాక్‌రెస్ట్‌లో దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు, అది దాటితే వాల్‌ను వదిలేసి డేటాబేస్‌ను నడవనిస్తుంది. అయితే అక్కడితో గొలుసు తెగుతుంది, కొత్త నకలు తీసేదాకా ఆ తరవాతి క్షణాలకు చేరలేం. నేను ఆ పరిమితి పెట్టలేదు. డిస్కులో ఖాళీ 30 శాతానికి తగ్గగానే కబురు వచ్చేలా చేసుకున్నాను. ఆగితే నష్టం ఎక్కువ ఉన్నచోట మరొకరు మరోలా నిర్ణయించవచ్చు. నిర్ణయమైతే ముందే జరగాలి.

జూన్

ఊరికి ఆవల ఒక కాపీ. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడినప్పుడు, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్‌లోని 858 టీబీ పోయింది. పరిమాణం చాలా పెద్దదన్న కారణంతో బయట కాపీ ఉంచలేదు. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కు హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది కానీ నేనుండేదీ ఈ ఊళ్లోనే కాబట్టి ముంబయిని ఎంచుకున్నాను. అక్కడి ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే చోటు) పీజీ బ్యాక్‌రెస్ట్‌కు రెండో నిల్వ.

ఆ బకెట్‌కు ఆబ్జెక్ట్ లాక్ వేశాను, కంప్లయన్స్ పద్ధతిలో. గడువు తీరేదాకా రూట్ ఖాతాతో కూడా లాక్ ఉన్న వెర్షన్‌ను తొలగించలేం. డిలీట్ అంటే పైన ఒక గుర్తు పడుతుంది, అసలు వెర్షన్ కింద అలాగే ఉంటుంది. ప్రయోగించేవారు గడువును ఒక్క రోజుతో మొదలుపెట్టండి, ఎందుకంటే గడువు తీరేదాకా బిల్లు కూడా ఆగదు. ఇప్పుడు నాది 30 రోజులు.

డేటాను బంధించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి చేసేవారు మొదట వెతికేది బ్యాకప్‌లనే కాబట్టి ఇది అవసరం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు అయిదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటా గుప్తీకరణకు గురైంది. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ మిగలడం వల్ల ఈ-హాస్పిటల్ అనే సాఫ్ట్‌వేర్ డేటా అంతా తిరిగి వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అయినా కొన్ని రోజుల పాటు రోగుల చీటీలు చేత్తోనే రాయాల్సి వచ్చింది.

మూడో కాపీ ఏ తీగకూ తగలని 2 టీబీ డిస్కు. విజయవాడలో అక్కావాళ్ల ఇంట్లో ఉంటుంది, పండగకు వెళ్లినప్పుడు మారుస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని ఆ ఇంటి కింది భాగమంతా మునిగింది. అందుకే బావగారు డిస్కును మేడ మీది గదిలో, గాలి చొరబడని డబ్బాలో పెట్టించారు.

ఇకపై చేయాల్సినవి: వాల్ కుదింపును జెడ్‌స్టాండర్డ్‌కు మార్చి తిరిగి చదివే సమయం తగ్గుతుందో లేదో చూడాలి. చెక్‌పాయింట్ల (మార్పులన్నిటినీ డిస్కులోని డేటా ఫైళ్లకు చేర్చే ఘట్టాల) మధ్య వ్యవధి పెంచి వాల్‌లో పూర్తి పేజీల రాత ఎంత తగ్గుతుందో కొలవాలి. స్కేల్‌ను 10,000 చేసి ఇవే కొలతలన్నీ మళ్లీ తీసుకోవాలి. దానికి ముందు మూడో యంత్రానికి పెద్ద ఎస్‌ఎస్‌డీ కావాలి, వచ్చే వారం సీటీసీకి వెళుతున్నాను.