దవడలో మొదలైన గుండెనొప్పి

నా గుండెజబ్బును మొదట పట్టుకున్నది పళ్ళ డాక్టరు. ఎడమ పక్క కింది దవడ లాగుతోందని వెళ్తే, పళ్ళన్నీ తట్టి చూసి, "నమిలినప్పుడు వస్తోందా అమ్మగారూ, నడిచినప్పుడా?" అని అడిగాడా అబ్బాయి. ఆలోచిస్తే, జంతికలు కొరికినా ఏమీ లేదు. కూరల సంచీ మోసుకుని మా రెండో అంతస్తు ఎక్కేసరికి మాత్రం దవడా గొంతూ బిగిసిపోయేవి. గుమ్మంలో కాసేపు కూలబడితే వదిలేది. "ఇది పన్ను కాదండీ, ముందు గుండె డాక్టరుకి చూపించుకోండి" అని ఫీజు కూడా తీసుకోకుండా పంపించేశాడు.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, డాక్టరుగారు తప్ప. నొప్పి లేనప్పుడు పడుకోబెట్టి తీస్తే ఇలాగే బాగా రావచ్చన్నారు. ఒంటికి ఈసీజీ తీగలు తగిలించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. మూడేసి నిమిషాలకి వేగం, వాలు రెండూ పెంచుతారు. రెండో అంచెలో దవడ పట్టేసింది, సరిగ్గా అప్పుడే కాగితం మీద గీతా కిందికి జారింది. ఆ తర్వాత మణికట్టు దగ్గర గుచ్చి, రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాల్ని ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్ చేశారు. గుండె కుడి రక్తనాళంలో ఒకచోట 75 శాతం పూడిక. ఎడమవైపు పెద్ద నాళం శుభ్రంగా ఉంది, గుండె పంపింగూ బాగుంది. స్టేబుల్ యాంజైనా అని రాశారు, అంటే పని చేస్తే వచ్చి ఆగితే పోయే నిలకడైన గుండెనొప్పి.

అక్కణ్ణించి ఇంట్లో గొడవ మొదలైంది. "స్టెంట్ వేయించేస్తే పోలా అక్కా? 2017లోనే ప్రభుత్వం రేట్లు తగ్గించింది కదా" అంటాడు మా తమ్ముడు. స్టెంట్ అంటే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. వాడి లెక్కలో రక్తనాళమంటే డ్రైనేజీ పైపే, పొడిచి వదిలేస్తే సరి. డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు. నాలాంటి నిలకడ నొప్పికి స్టెంట్ వేస్తే నొప్పి తగ్గుతుంది గానీ, మందులు సరిగ్గా వాడేవాళ్ళకి దానివల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదట. 2007లో వచ్చిన కరేజ్ పరిశోధనా, 2020లో అచ్చయిన ఇస్కీమియా పరిశోధనా ఆ మాటే చెప్పాయట. రెండోదాంట్లో ఐదు వేల పైచిలుకు మంది ఉన్నారు. గుండెపోటుతో వచ్చినవాళ్ళకి అప్పటికప్పుడు వేసే స్టెంట్ సంగతి వేరు, అది ప్రాణం నిలబెడుతుంది. ఈ తేడా మావాళ్ళ బుర్రకెక్కించేసరికి నా ఓపిక సగం హరించుకుపోయింది.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, గుండె వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్, రాత్రికి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టారు. మెటోప్రొలాల్‌తో మొదట్లో ఒళ్ళంతా నీరసం, చేతులు చల్లబడిపోయేవి. పోనుపోను సర్దుకుంది. 148 ఉన్న చెడు కొలెస్ట్రాల్ 66కి దిగింది.

రాత్రుళ్ళు మాత్రం నరకంగా ఉండేది. ఛాతీలో ఎక్కడ చిటుక్కుమన్నా లేచి కూర్చునేదాన్ని, ఆయన్నీ లేపేదాన్ని. చివరికి అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళి అడిగాను. ఒక వేలితో ఇదిగో ఇక్కడని చూపించగలిగే పోటు, నొక్కితే ఎక్కువయ్యేది, గాలి పీలిస్తే పొడిచేది చాలావరకు గుండెది కాదన్నారు. నా నొప్పి పని చేస్తే రావాలి, ఆగితే కొద్ది నిమిషాల్లో పోవాలి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, ముందుకంటే తక్కువ పనికే వచ్చినా, ఎక్కువసేపు ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి రావాలి. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పట్టింది, పాపం ఆయనకీ.

సార్బిట్రేట్ 5 ఎం.జి. బిళ్ళ ఒక స్ట్రిప్పు చేతిసంచీలో, ఒకటి మంచం పక్కన. నొప్పి వస్తే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాలకి తగ్గకపోతే ఇంకోటి పెట్టుకుని 108కి ఫోన్ చెయ్యాలి. మొదటిసారి పుష్కర ఘాట్ మెట్ల మీద వాడాను. దవడ వదిలింది గానీ తల బద్దలైపోయిందనుకోండి. బిళ్ళ రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది కాబట్టి తలనొప్పి రావడం మామూలేనట. నా ముందు పేషెంటుని డాక్టరుగారు "వయాగ్రా లాంటివేమైనా వాడుతున్నారా? వాడితే ఈ బిళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది" అని అడగడం కర్టెన్ అవతల నుంచి వినపడింది. ఆ పెద్దమనిషి నీళ్ళు నమిలాడు. అలాంటి చోట సిగ్గుపడి లాభమేముంటుంది!

ఇప్పుడు పొద్దున్నే గోదావరి గట్టున నడుస్తున్నాను. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా, ఆ తర్వాత కాస్త జోరుగా. చలి ఎక్కువుంటే ఇంట్లోనే. అన్నం తినగానే మెట్లెక్కను. మందులు పూర్తి మోతాదుకి పెంచాక కూడా నొప్పి నన్ను కదలనివ్వకపోతే అప్పుడు స్టెంట్ వేయించుకుంటానని ఒప్పుకున్నాను, డాక్టరుగారిదీ అదే మాట. తమ్ముడు మాత్రం డబ్బు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. 2027 పుష్కరాలకి చుట్టాలంతా మనింటికే దిగుతారు, ఈలోగా వేయించెయ్యమంటాడు. వాళ్ళ పెట్టెలు రెండో అంతస్తుకి మోసేది నువ్వేనని చెప్పేశాను.