ఊలు పిడకలు

29 డిసెంబరు 2025, సోమవారం

పొద్దున్నే దేవుడి దీపం ముందు కూర్చుని ఊలు ముక్కలు కాలుస్తుంటే మా ఆయన చూశారు. "ఇదేం పూజోయ్ కొత్తగా? ధనుర్మాసంలో ఇది కూడా చెయ్యమన్నారా?" అన్నారు. గుడి మైకులో తిరుప్పావై వస్తోంది, ఇల్లంతా జుట్టు కాలిన కంపు. ఆయన్ని అనడానికేం లేదు.

సంగతేమిటంటే, బిస్కెట్ల డబ్బాలో మిగులు ఊలు ఉండలు పదకొండున్నాయి. వాటిలో ఏది అసలు ఊలో, ఏది అక్రిలిక్కో చేత్తో తడిమితే నాకిప్పుడు తెలియడం లేదు, వేళ్ళు మొద్దుబారాయి. కాలిస్తే మాత్రం దాచలేదు. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసన కొడుతుంది, దీపం మీంచి తీయగానే ఆరిపోతుంది, నలిపితే పొడుం అయిపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి కారుతుంది, చల్లారాక గట్టిగా నల్లపూసలా బిగుస్తుంది. పదకొండింట్లో మూడే అసలువి. అందులో గోధుమరంగుది ఉందని తేలగానే ప్రాణం లేచొచ్చింది. అది భిలాయిలో ఉండగా మా ఆయనకి మంకీ క్యాపు అల్లగా మిగిలింది. క్యాపు ఎప్పుడో పోయింది. మిగులే ఇన్నాళ్ళు బతికింది.

ఇప్పుడా గోధుమరంగుతో నేను భోగి పిడకలు అల్లుతున్నాను. అవును, ఊలుతోనే.

హైదరాబాదులో మనవడికి అయిదేళ్ళు. పోయిన వారం ఫోన్లో భోగి పిడకల దండ గురించి కథలా చెప్పాను. వాడు వెంటనే కావాలన్నాడు. కోడలు వెనకనుంచి "అపార్ట్‌మెంట్లో పేడ ఎక్కడ దొరుకుతుందత్తయ్యా, దొరికినా వీడు ముట్టుకుంటాడా" అంది. అదీ నిజమే. వాళ్ళ అపార్ట్‌మెంట్లో పార్కింగు దగ్గర మూడు కర్రలు వేసి భోగి మంట అనిపిస్తారట. దండ లేకుండా మంట ఏమిటి, చలి కాచుకోవడం కాకపోతే! అందుకని నేనే మాటిచ్చేశాను, 21 పిడకలతో దండ పంపుతానని. మెళ్ళో వేసుకుని మంట దగ్గర తిరిగే పిల్లాడు కాబట్టి అక్రిలిక్ పనికిరాదు. అందుకే దీపం దగ్గర ఆ పరీక్ష.

పిడక అల్లడం చెప్పుకోవడానికి తేలిక. 10 నంబరు సూదులు, అయిదు కుట్లు, అన్ని వరసలూ సీదా కుట్టే, తిరగేసి వేసే ఉల్టా కుట్టు ఊసే లేదు. (భిలాయిలో పక్క క్వార్టర్లోని పంజాబీ ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, అందుకే నాకు అల్లిక మాటలన్నీ హిందీలోనే వస్తాయి. సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని ఆవిడ చెప్పేదాకా నేను తిరగేసి కొనేదాన్ని.) సన్నటి పట్టీ వస్తుంది. దాని ఒక పక్క అంచులో దారం ఎక్కించి లాగితే పట్టీ గుండ్రంగా చుట్టుకుంటుంది, మధ్యలో చిన్న కన్నం మిగులుతుంది. మనం పేడ ముద్దలో వేలు గుచ్చి పెట్టే కన్నం లాంటిదే.

తేలికంటే తేలికే గానీ మొదటిది చెడింది. 40 వరసలకే ఆపేశాను. దారం లాగగానే అది పరుచుకోకుండా అంచులు పైకి లేచి దొన్నెలా కూచుంది. పిడక కాదు, ప్రసాదం పెట్టుకోవచ్చు అన్నట్టుంది. బయటి చుట్టుకొలత చాలకపోతే అంతేగా మరి. 60 చేశాను, ఇంకా కొంచెం లేచింది. 70 వరసలకి బల్లపరుపుగా పడుకుంది. ఒక్కోదానికి మూడు బారల ఊలు పడుతోంది, ఒక్కోదానికి పావుగంట. సమానంగా రావడం లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకర. అయినా అచ్చుపోసినట్టుండే పిడకలు ఎవరైనా చూశారా?

మధ్యాహ్నం అన్నాలయ్యాక వెనకింటి పిన్ని లేసు సంచీ పట్టుకుని వచ్చింది. అరుగు మీద ఎండ బాగా పడుతుంది, అక్కడే కూర్చుంటాం. వాళ్ళింట్లో క్రిస్మస్ నక్షత్రం ఇంకా దింపలేదు, కొత్త సంవత్సరం దాకా ఉంచుతారు. వస్తూ తేగలు తెచ్చింది, ఉడకబెట్టినవి. పీచు తీసుకుంటూ నా చేతిలోది చూసి, "రెండు సూదులెందుకే నీకు, ఒకటి చాలదా?" అంది. చెప్పాలిగా, పిన్ని నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. నా చేతిలోంచి గోధుమ ఊలు లాక్కుని, తన సంచీలోంచి లావుపాటి కొక్కెం సూది తీసి, మూడు గొలుసులు వేసి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. నేను రెండు తేగలు తినేలోపు పిడక తయారు. కన్నంతో సహా. అంచు కుట్టే పనే లేదు.

"నీది జారిందంటే వరసంతా పోద్ది. నాది జారితే ఒక్క గొలుసు" అంది. అది నిజం. సూదుల అల్లికలో కుట్లన్నీ ఒకేసారి సూది మీద ప్రాణాలు పట్టుకుని ఉంటాయి. లేసులో ఎప్పుడూ ఒక్క కుట్టే బతికుంటుంది, మిగతావన్నీ అప్పటికే ముడిపడిపోయినవి. అందుకే ఆడవాళ్ళు పొయ్యి మీద కూర చూసుకుంటూ, మధ్యలో లేచి పాలు పొంగుతుంటే దింపి, మళ్ళీ వచ్చి కూర్చుని అల్లగలిగారు.

మరి నాకెందుకు రాదు, నరసాపురం పక్క ఊళ్ళో పుట్టి? మా అమ్మ నేర్పలేదు. అమ్మ అల్లేది, అమ్మమ్మా అల్లేది. మా వీధిలో అల్లని ఇల్లు లేదు. మిషనరీ దొరసానులు ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని, కొబ్బరి చెట్ల కింద కూర్చుని పరదేశం బల్లల మీదకి గుడ్డలు అల్లడం. నేను సూది పట్టుకుంటే అమ్మ చేతి మీద కొట్టేది. "కళ్ళు పోతాయి. పుస్తకం తియ్యి."

ఇంకోటి కూడా ఉంది, అది ఇవాళ పిన్ని ఊలు లాక్కున్నప్పుడు గుర్తొచ్చింది. అమ్మకి మిగులు ఉండేది కాదు. ఏజెంటు నూలు తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. తేడా వస్తే కూలీలో కోత. నా బొమ్మకి చీర కడదామని ఒకసారి నేను మూరెడు తెల్ల నూలు తెంపాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. బొమ్మ మీంచి ఆ నూలు విప్పి, నీళ్ళతో తడిపి, తొడ మీద సాగదీసి, మళ్ళీ కండెకి చుట్టింది. ఆ ఏజెంటు చెడ్డవాడని కూడా అనలేను, వాడి పైన ఇంకొకడు తూచేవాడు.

ఇప్పుడు నా డబ్బాలో పదకొండు ఉండలు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని ఊలు. మా కోడలు వీటిని చూసి "పారెయ్యకపోయారా" అంటుంది గానీ, నాకు కొత్త ఉండ కొన్నప్పుడు ఇంత సరదా ఉండదు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి పిన్నికి వినిపించాను. "మంచిదే. గజానికి రేటు పెరుగుద్దా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు.

సాయంత్రం పిడకలు విసుగొచ్చి కోడిపుంజు మొదలుపెట్టాను. ఇది ఎవరైనా చెయ్యొచ్చు. 24 కుట్లు, 96 వరసలు, అన్నీ సీదా. సీదా అల్లికలో రెండు వరసల ఎత్తు ఒక కుట్టు వెడల్పుకి సరిపోతుంది కాబట్టి, పొడుగు సరిగ్గా వెడల్పుకి రెట్టింపు వస్తుంది, టేపు పెట్టక్కర్లేదు. సగానికి మడిచి, పై అంచూ ఒక పక్కా కుట్టేస్తే సంచీ అవుతుంది. దాన్నిండా పాత దిండులోని బూరుగు దూది కూరి, మిగిలిన మూతిని మాత్రం నిలువుగా కాకుండా అడ్డంగా నొక్కి కుట్టాలి. అంతే, తలా తోకా తన్నుకుని లేస్తాయి. బొమ్మలకి సూది ఒక నంబరు సన్నదే వాడాలి, వదులుగా అల్లితే కుట్ల సందుల్లోంచి దూది బయటికి చూస్తుంది.

డేగ, అంటే ఎర్ర పుంజు, చేద్దామని ఎర్ర ఊలుతో మొదలుపెట్టాను. 80వ వరసకి ఎరుపు అయిపోయింది. మిగులుతో పని పెట్టుకుంటే ఇదే చిక్కు, అది మన డిజైను వినదు. మిగిలిన 16 వరసలూ నలుపుతో లాగించాను. తురాయికి ఎరుపు లేదు, పసుపు పెట్టాను. ఇవి అక్రిలిక్కే, పుంజు షోకేసులో కూచునేది కదా.

మా ఆయన చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి, అటూ ఇటూ తిప్పారు. ఈయన పందేలు కాయరు. బరి దగ్గరికి మాత్రం "చూడ్డానికే" వెళ్తారు, ఆ సంగతి నలభై ఏళ్ళుగా వింటున్నాను.

"ఇది డేగ కాదు."

"ఎర్రగా లేదేంటి?"

"వీపు మీద నలుపు పడింది. కాకి డేగ అందామంటే ఈ పసుపు తురాయేంటి? పసుపు తురాయి పుంజు ఎక్కడన్నా చూశావా?" కాసేపు ఆలోచించి, "నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉన్నాయి గనక కౌజు అనుకో. కౌజే" అని తీర్పు ఇచ్చి టీవీ మీద పెట్టారు. అక్కడ అది కాస్త వాలి, ఛానెల్ చూస్తున్నట్టు కూచుంది.

ఏడింటికి అబ్బాయి ఫోను. ఏదో రైల్లో ఎవరివో మూడు టికెట్లు కాన్సిలై వాళ్ళకి దొరికాయట, భోగికి ఊరొస్తున్నారు! నేను ముందు ఎగిరి గంతేశాను, తర్వాత ఒళ్ళోకి చూసుకున్నాను. పద్నాలుగు పిడకలు. పిన్నిది కలిపితే పదిహేను.

మనవడు ఫోను లాక్కున్నాడు. "మామ్మా, నాకు నిజం పిడకలే కావాలి. కంపు కొట్టేవి."

"ముట్టుకుంటావేంట్రా?"

"నేను కాదు, తాతయ్య చేస్తాడు. నేను కన్నం పెడతా. గ్లవ్స్ వేసుకుని."

తాతయ్య ఉలిక్కిపడ్డారు. ఫోను పెట్టేశాక ఇద్దరం లెక్కలేసుకున్నాం, వీధిలో ఆవులెవరికున్నాయని. మా పెళ్ళినాటికి ఇంటికి రెండు ఉండేవి. ఇప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద ఒకాయనకి, గుడి వెనక ఒకరికి, అంతే. గేదెలు చాలానే ఉన్నాయిగానీ, భోగి పిడకకి ఆవుపేడే కావాలని నేను, ఏ పేడైనా పేడేనని ఆయన. ఎండడానికి కనీసం వారం పది రోజులు కావాలి, పొద్దుటిపూట మంచు ఒకటి. అంటే ఈ వారంలోనే తట్టెయ్యాలి. రేపు ముక్కోటి, గుడికి ఎలాగూ వెళ్తాం, ఆ గుడి వెనకాయన్ని అడిగొస్తానన్నారు. ఉత్తర ద్వార దర్శనం చేసుకుని పేడకి బేరం ఆడొస్తారన్నమాట.

పదహారోది సూది మీద సగంలో ఉంది. 34 వరసలయ్యాయి. కరెంటు పోయేలా ఉంది, ఇంకో 36 పూర్తి చేసి పడుకుంటాను.