ఒక్కరికి చోటుందా?

2011లో ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి చిక్కడపల్లిలో రూమ్ తీసుకున్నాను. రూమ్మేట్లు శనివారం మధ్యాహ్నమే బ్యాగు సర్దుకుని ఊళ్ళకు బస్సెక్కేసేవాళ్ళు, మా ఊరు దూరం, నెలకోసారి వెళ్తే గొప్ప. సాయంత్రం ఐదయ్యేసరికి రూములో ఫ్యాన్ చప్పుడు, నేను. అట్లా బయటికి వచ్చి నడవడం మొదలుపెట్టాను. చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, ఇంకో వారం అబిడ్స్, ఇంకో వారం సికింద్రాబాద్. చాయ్ హోటళ్ళు, మెస్సులు, బార్లు, ఎక్కడ లైటు వెలిగితే అక్కడికి. ఇన్నేళ్ళలో ఎన్ని చోట్ల కూర్చున్నానో లెక్కలేదు కానీ, ఏ చోటునైనా నేను చూసేది ఒక్కటే. ఒక్క మనిషి వస్తే కూర్చోనిస్తారా, కూర్చున్నాక ఎంతసేపు ఉండనిస్తారు.

ఈ పరీక్షలో అందరికన్నా ముందు పాసయ్యేవి ఇరానీ హోటళ్ళు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఆల్ఫాకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఖాళీ టేబుల్ కోసం చూస్తూ గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. వెయిటర్ నా భుజం మీద చెయ్యేసి, అప్పటికే ముగ్గురు కూర్చున్న టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళి నాలుగో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒకాయన రైలు టికెట్ చూసుకుంటున్నాడు, ఇంకొకాయన పేపరు చదువుతున్నాడు, మూడో ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. ఎవరూ తలెత్తలేదు. ఆ కొత్త ఊళ్ళో నాకు అంత హాయిగా అనిపించిన క్షణం అంతకుముందు లేదు, నిజంగా.

ఇరానీ చాయ్‌కి డికాక్షన్ వేరే, పాలు వేరే. డికాక్షన్ మూతపెట్టిన గిన్నెలో చాలాసేపు మగ్గుతుంది, పాలు పక్కన చిక్కబడేదాకా కాగుతూ ఉంటాయి, కప్పులో మాత్రమే రెండూ కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అని చెప్పాలి. పాత పద్ధతి నడిచే చోట్ల మీరు అడగకుండానే ఒక ప్లేటులో బిస్కెట్లో, ఉల్లిపాయ పెట్టిన చిన్న సమోసాలో తెచ్చి పెట్టేస్తారు. తిన్నన్ని తినొచ్చు, లేచేటప్పుడు మిగిలినవి చూసి లెక్క కడతారు. వెయిటర్ అక్కడి నుంచే కౌంటర్‌కి ఎంతో అరిచి చెప్తాడు, మనం వెళ్ళి కట్టేయడమే. నాకు ఈ పద్ధతంటే ప్రాణం, ఎందుకంటే మనిషి మీద నమ్మకం పెట్టి నడిపే లెక్క అది.

పాత ఇరానీ హోటళ్ళు చాలావరకు రోడ్డు మూలల మీదే కనిపిస్తాయి. మూల స్థలమంటే వీధిపోటనీ వాస్తు దోషమనీ మనవాళ్ళు వెనకాడేవాళ్ళనీ, అందుకే అవి ఇరానీలకు దొరికాయనీ పెద్దవాళ్ళు చెప్తారు. కారణం ఏదైనా ఒంటరిగా వచ్చినవాడికి మాత్రం అది వరమే, కూర్చున్నచోటి నుంచి రెండు రోడ్లూ కనిపిస్తాయి, మాట్లాడటానికి పక్కన ఎవరూ లేకపోయినా చూడటానికి బోలెడంత ఉంటుంది. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నుంచి ఉంది. ప్యారడైజ్ కూడా 1953లో సినిమా హాలు పక్కన చిన్న హోటల్‌గా మొదలైందే, ఇవాళ దాని పేరు చెప్తే బిర్యానీయే గుర్తొస్తుంది. మెయిన్ రోడ్డు మీద ఇప్పుడున్న అద్దెలకి, ఒక్క చాయ్‌తో గంట కూర్చునేవాడి వల్ల ఏం గిట్టుబాటవుతుంది? ఆ మాట నాకూ తెలుసు. అందుకే వెళ్ళినప్పుడల్లా రెండో చాయ్ చెప్తాను.

బార్ల సంగతి వేరు. నాకు పబ్బుల కన్నా పాత బార్లంటేనే ఇష్టం, అందులోనూ మేడ మీద నాన్ ఏసీ హాలు ఉన్నవి. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్తే సగం టేబుళ్ళకి ఒక్కొక్కరే ఉంటారు, పని మధ్యలో దొరికిన ఖాళీలో వచ్చినవాళ్ళు, రిటైరైనవాళ్ళు. బేరర్ బీరు సీసా తెచ్చి మూత తీయకుండా మన చేతికి ఆనించి 'కూలింగ్ సరిపోయిందా సార్' అంటాడు. సరే అంటేనే తీస్తాడు. ఆ తర్వాత గిన్నెలో ఉడకబెట్టిన పల్లీలు వస్తాయి, పైన ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నిమ్మకాయ పిండుతారు. కొన్నిచోట్ల పల్లీల బదులు గుడాలు, కొన్నిచోట్ల ఉప్పు చల్లిన కీరా ముక్కలు. ఆ గిన్నె ఖాళీ అయితే అడగకుండా మళ్ళీ నింపారంటే అది మంచి బార్ అని నా లెక్క. 'స్టఫ్ ఏం చెప్తారు సార్' అని నంజుకునేవాటి సంగతి అడిగినప్పుడు హాఫ్ ప్లేట్ ఇస్తారా అని అడుగుతాను. అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ లాంటివి ఫుల్ ప్లేట్ అంటే ఇద్దరు ముగ్గురి తిండి, ఒక్కడు సగం వదిలేసి రావాల్సిందే. హాఫ్ ఇచ్చే బార్ ఒంటరి మనిషిని గుర్తుపెట్టుకున్న బార్. వేడివేడిగా కరివేపాకు మాడిన వాసనతో కొర్రమీను ముక్కలు వస్తాయి చూడండి, ఆ చిన్న ప్లేటు ముందు పెట్టుకుని గంటన్నర కూర్చోవచ్చు.

వైన్ షాపు పక్కన ఉండే పర్మిట్ రూములకి మాత్రం నేను వెళ్ళను. రాష్ట్రం మొత్తం మీద 2620 మద్యం దుకాణాలున్నాయి, ఒంటరి మగవాళ్ళు ఎక్కువగా కనిపించేది వాటి దగ్గరే, కూర్చునే వీలు లేనిదీ అక్కడే. నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో పోసుకుని, వాటర్ ప్యాకెట్ కొరికి, ఐదు నిమిషాల్లో గొంతులో దించుకుని వెళ్ళిపోవడం. మనిషి నెమ్మదిగా తాగాలంటే ముందు నెమ్మదిగా కూర్చోవాలి కదా.

కల్లు గురించి చెప్పకపోతే ఈ ఊరి లెక్క పూర్తికాదు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి మళ్ళీ 2014లో తెరుచుకున్నాయి. కాంపౌండ్‌లో కూలిపని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే చోట నేల మీద కూర్చుని, పక్కన వేయించిన చేపో బోటీయో పెట్టుకుని మాట్లాడుకోవడం చూశాను, అంత కలుపుగోలుతనం ఏ ఏసీ హాల్లోనూ చూడలేదు. కానీ 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత సిటీలో కల్లు తాగమని నేనెవరికీ చెప్పలేను. తాగాలని ఉంటే పొద్దున్నే ఊరి బయట తాటివనానికి వెళ్ళండి, గీత కార్మికుడు మన కళ్ళముందే లొట్టి దింపి తాటాకు రేకలో పోస్తాడు. అంత దూరం వెళ్ళలేకపోతే నెక్లెస్ రోడ్డు మీద 2023లో తెరిచిన నీరా కేఫ్ ఉంది, నీరా అంటే ఇంకా పులవని కల్లు, నిషా ఉండదు.

ఇక పబ్బు. 2019లో ఒక శుక్రవారం రాత్రి జూబ్లీహిల్స్‌లో ఒకదానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర కుర్రాడు నన్ను కిందికీ మీదికీ చూసి 'కపుల్స్ ఓన్లీ సార్, స్టాగ్ ఎంట్రీ లేదు' అన్నాడు. డబ్బుంది, మంచి చొక్కా వేసుకున్నాను, వయసుంది, పక్కన ఎవరూ లేకపోవడమే తప్పు. లోపల ఆడపిల్లలకి ఇబ్బంది రాకూడదనే ఆ రూలు పెట్టారంటే అర్థం చేసుకోగలను, అయినా మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి బీరు సొంతంగా కాచే మైక్రోబ్రూవరీలకి వారం మధ్యలో, మధ్యాహ్నం పూట వెళ్తున్నాను. అప్పుడు అడ్డు చెప్పేవాళ్ళుండరు. గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుంది, పండేమీ వెయ్యరు, అది ఈస్టు పనితనం. ధర మాత్రం ఎక్కువే.

ఇదంతా ఆ మధ్య మా పిన్ని కూతురికి చెప్తున్నాను. బేగంపేటలో ఉద్యోగం, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. మొత్తం విని ఒక్క ప్రశ్న అడిగింది, 'నువ్వు చెప్పినవాటిలో నేనొక్కదాన్నే వెళ్ళి కూర్చోగలిగేవి ఎన్నిరా?'

నేను మనసులో లెక్కపెట్టాను. నాన్ ఏసీ హాలు, కష్టం. పర్మిట్ రూము మాటే వద్దు. నన్ను వెనక్కి పంపిన పబ్బు తనని రానిస్తుంది, కానీ ఒంటరిగా కూర్చున్న ఆడమనిషిని హాలంతా చూస్తుంది. చివరికి మిగిలింది ఇరానీ హోటల్, అక్కడ కూడా చాలాచోట్ల 'ఫ్యామిలీ' అని బోర్డు పెట్టి లోపలికో పైకో పంపిస్తారు. ఇన్నేళ్ళుగా ఒక్క మనిషికి కుర్చీ అంటూ తిరుగుతున్న నాకు ఆ ఒక్క మనిషి ఆడమనిషి కావచ్చన్న ఆలోచనే రాలేదు. చాలా సిగ్గేసింది, అదే మాట తనతో చెప్పాను కూడా.

పోయిన ఆదివారం పొద్దున ఏడున్నరకి అక్క ఫోన్ చేసింది. వెనక కప్పుల చప్పుడు, బస్సు హారన్లు.

'సికింద్రాబాద్‌లో ఉన్నా. ఫ్యామిలీ సెక్షన్ లోపల ఉంది మేడమ్ అన్నాడు. వద్దు, ఇక్కడే కూర్చుంటానన్నా. రోడ్డు పక్క టేబుల్.'

'ఎవరైనా ఏమైనా అన్నారా?'

'ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నాడు, బిస్కెట్ ప్లేటు నా వైపు జరిపి మళ్ళీ పేపరు చదువుకుంటున్నాడు. ఉండు, నా పౌనా వచ్చింది.'