సాధారణానికీ అంతరానికీ మధ్య

ఆదివారం. ఎక్కడికీ కదల్లేదు. మధ్యాహ్నం ఫిడేలు రెండు శ్రుతికి సరిచేసుకుని, అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ పెట్టుకుని, దానితో పాటు వాయిద్దామని కూర్చున్నాను. అది డోరియన్ మోడ్, పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరక్రమం. స్వరాలు లెక్కపెడితే అచ్చం మన ఖరహరప్రియ రాగమే. ఇంకేం, నల్లేరు మీద నడకే అనుకున్నాను.

అలవాటు కొద్దీ ఫోన్లో తంబురా కూడా పెట్టాను. ఎత్తుగడ అయ్యాక పదహారు బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి) హాయిగా సాగాయి. ఆ తర్వాత మోడ్ మొత్తం అర స్వరం పైకి జరిగిపోయింది, ఎనిమిది బార్ల పాటు. నా తంబురా మాత్రం పాత షడ్జాన్నే పట్టుకుని వేలాడింది. పళ్లు జివ్వుమన్నాయి! షడ్జం కదలదని నమ్మి ఇన్నేళ్లు సాధన చేసినవాణ్ణి, వాళ్లేమో దాన్ని కుర్చీ జరిపినట్టు జరిపేశారు.

తంబురా ఆపేశాక అసలు గొడవ బయటపడింది. గాంధారం. వాళ్లు దాన్ని పలికించి అలా వదిలేస్తారు, కదలకుండా. నా వేలు నిలిస్తేగా! రిషభం దగ్గర బయల్దేరి మధ్యమాన్ని తాకి వస్తే గానీ దానికి తోచదు. పక్క గదిలోంచి మా అబ్బాయి, "నాన్నా, ఖరహరప్రియ ఎత్తుకున్నావా?" అన్నాడు. ట్రంపెట్ మోగుతూనే ఉంది. వాడి చెవికి అది ఆననే లేదు.

పంతం వచ్చి అరబ్బుల రాస్త్ మకామ్ పట్టుకున్నాను. మకామ్ అంటే వాళ్ల రాగం లాంటిది. అందులో గాంధారం మన సాధారణ గాంధారానికీ, దాని పైనుండే అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. కీబోర్డులో దానికి మెట్టే లేదు. స్థాయిని 24 సమభాగాలు చెయ్యడం గురించి 1932 కైరో సంగీత సభలో పండితులు తర్జనభర్జన పడ్డారట. హంగేరీ స్వరకర్త బార్తోక్ కూడా వెళ్లాడు ఆ సభకి. ఎన్ని భాగాలు చేస్తే మాత్రం ఏం లాభం? ఈజిప్టు వాళ్ల గాంధారం కన్నా టర్కీ వాళ్లది ఓ పిసరు పైనుంటుంది. వాళ్లు మీటి వాయించే తంత్రీవాద్యం ఊద్‌కి మెట్లుండవు కనక ఎవరి వేలు వాళ్ల చోటికే పోతుంది. నాది ఊగింది, షరా మామూలే.

రాత్రి ఫోన్లో రికార్డు చేసుకున్నది విన్నాను. డోరియన్ అందామంటే సిగ్గు, ఖరహరప్రియ అని గురువుగారి ముందు వాయించే ధైర్యమూ లేదు. మూడో నిమిషం దగ్గర మాత్రం ఒక నిషాదం ఊగకుండా అలాగే నిలబడింది, పక్కనే గాంధారం మామూలుగా ఊగుతూనే ఉంది. అలా ఎప్పుడు వాయించానో గుర్తు లేదు. వెనక్కి జరిపి ఆ చోటే నాలుగుసార్లు విన్నాను.